బియ్యం సంచీ, గోడ, కుర్చీ

(స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



ఇవాళ ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడతాను. నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, చెయ్యి ఊనకుండా, ఎవరి చెయ్యీ అందుకోకుండా, “అమ్మా” అని మూలగకుండా మీరు లేచి ఎంతకాలమైంది?

నా సంగతి నేను చెప్పుకుంటాను. పోయిన శ్రావణమాసంలో ఒక పేరంటానికి వెళ్ళాను. చాపమీద కూర్చుని తాంబూలం పుచ్చుకున్నాను. శనగలూ, అరటిపళ్ళూ, రవికెలగుడ్డా వొళ్ళో పెట్టుకుని లేవబోతే మోకాళ్ళు నా మాట వినలేదు. రెండుసార్లు ప్రయత్నించి, మూడోసారి పక్కావిడ భుజం పట్టుకుని లేచాను. ఆవిడ నాకంటె పదేళ్ళు పెద్దది! ఇంటికి వచ్చేసరికి మా అత్తగారు స్నానాలగదిలోంచి పిలుస్తున్నారు. ఆవిడకు డెబ్భైరెండేళ్ళు. పీట మీంచి లేవలేక అరగంటగా అక్కడే కూర్చుని వున్నారు. చెయ్యిచ్చి లేపాను. లేపుతూ వుంటే నాకొక ఆలోచన వచ్చింది. ఇవాళ ఆవిడ పిలిస్తే నేనున్నాను. రేపు నేను పిలిస్తే ఎవరుంటారు? పిల్లలు రెక్కలొచ్చి తలో వూరూ ఎగిరిపోయే రోజులివి.

ఆస్తి లేకపోయినా బతకొచ్చు గాని, సొంతంగా లేచి బాత్రూముకి వెళ్ళే శక్తి లేకపోతే ఎంత ఆస్తి వుండీ ఏం లాభం చెప్పండి! అందుకని ఇవాళ నేను నాజూకు గురించి, నడుం సన్నబడడం గురించి మాట్లాడబోవడం లేదు. బలం గురించి మాట్లాడతాను. అదీ దమ్మిడీ ఖర్చు లేకుండా.

“పొద్దున్న లేచింది మొదలు ఇంటిచాకిరీ చేస్తూనే వున్నాం గదా, మళ్ళీ మనకి వ్యాయామం ఏమిటి?” అని మీరు అడుగుతారు. నేనూ అలాగే అనుకున్నాను. కాని అలసట వేరు, బలం వేరు. మన అమ్మమ్మలు రోకలి పోటు వేశారు, తిరగలి తిప్పారు, నూతిలోంచి చేంతాడుతో నీళ్ళు తోడారు, నేలమీద కూర్చుని వండారు, వడ్డించారు. రోజుకి ఎన్నిసార్లు కూర్చుని లేచేవారో లెక్కే లేదు. ఇప్పుడు మనకి మిక్సీ వుంది, వాషింగ్ మెషీను వుంది, కుళాయి వుంది, నిలబడి వండుకునే గట్టు వుంది. ఇవన్నీ తీసి పారేసి మళ్ళీ రోలు తెచ్చుకోమని నేను చెప్పడం లేదు సుమా! ఆ రోకలిపోటు కష్టం పడలేక కుంగిపోయినవాళ్ళూ వున్నారు. కాని ఆ బరువుపనులు పోయి, మనకి మిగిలినవి ఏమిటో చూడండి. గంటల తరబడి నిలబడడం, వొంగడం, అటూ ఇటూ తిరగడం. ఇవి అలసటనిస్తాయి గాని బలాన్నివ్వవు. ఎందుకంటే రోజూ అదే పని, అదే బరువు. వొంటికి అది అలవాటైపోయి, ఇంకా బలం కావాలని దానికి తోచదు.

ఇక లోపల జరిగేది వినండి. మనిషికి ముప్ఫై దాటిన దగ్గర్నుంచీ కండ మెల్లిగా తరుగుతూ వస్తుంది. పదేళ్ళకి సుమారు 3 నుంచి 8 శాతం వరకూ పోతుందని వైద్యులు లెక్క కట్టారు. అరవై దాటితే ఆ తరుగు ఇంకా వేగం. పైగా మన ఆడవాళ్ళకి ముట్లుడిగిన తరవాత ఈస్ట్రోజెన్ అనే హార్మోను తగ్గిపోయి, ఎముకలు కూడా త్వరత్వరగా గుల్లబారడం మొదలవుతుంది. కండ తగ్గి తూలడం, తూలి పడడం, పడితే ఎముక విరగడం, విరిగితే మంచం పట్టడం. మన ఇళ్ళలో ఎంతమంది పెద్దవాళ్ళ కథ ఇలా నడిచిందో ఒక్కసారి తలుచుకోండి.

మరి దీనికి మందు ఏమిటి? కండకి పని చెప్పడమే. బరువు మోస్తేనే కండ పెరుగుతుంది, ఎముకా గట్టిపడుతుంది. చక్కెర వ్యాధి వున్నవాళ్ళకి ఇంకో లాభం. మనం తిన్న అన్నంలోంచి రక్తంలోకి వచ్చే చక్కెరని ఎక్కువగా ఖర్చుపెట్టేది కండలే. కండ బాగుంటే చక్కెర అదుపులో వుండడం సులువవుతుంది.

“ఈ వయసులో ఏం బలం వస్తుందండీ” అని నిట్టూర్చేవాళ్ళకి ఒక సంగతి. 1990లో అమెరికా వైద్యసంఘం వారి పత్రికలో ఒక పరిశోధన అచ్చయింది. బోస్టన్ నగరంలో వృద్ధుల శరణాలయంలో వున్న పదిమంది, సగటున తొంభై ఏళ్ళ వాళ్ళు, ఎనిమిది వారాలపాటు కాళ్ళతో బరువులెత్తే సాధన మొదలుపెట్టారు. చివరిదాకా చేసిన తొమ్మిదిమందికి కాళ్ళ బలం సగటున 174 శాతం పెరిగింది. అంటే రెండున్నర రెట్లకి పైమాటే. ఇద్దరు చేతికర్ర పక్కన పెట్టేశారు. తొంభైలో రాగా లేనిది మనకి నలభైలో, యాభైలో రాదా?

“బరువులెత్తితే మగరాయుళ్ళలా కండలు వస్తాయేమో” అనే భయం కూడా అక్కరలేదు. అంత కండ పెరగడానికి కావలసిన హార్మోను మగవాళ్ళలో ఎక్కువ, మనలో చాలా తక్కువ. శ్రీకాకుళం జిల్లా ఆడపడుచు కరణం మల్లీశ్వరి 2000 సంవత్సరంలో సిడ్నీ ఒలింపిక్స్‌లో రెండు పద్ధతుల్లో కలిపి 240 కిలోలు ఎత్తి కంచుపతకం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆవిడే. ఆవిడ అన్నేళ్ళు రోజుల తరబడి చేసిన సాధనలో మనం చేసేది ఆవగింజంత. ఆ ఆవగింజ మన అవసరానికి చాలు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పినదేమిటంటే, నడక వగైరాలు ఎలాగూ వుండాలి, వాటితోపాటు కండల్ని బలపరిచే వ్యాయామం వారానికి కనీసం రెండు రోజులు పెద్దవాళ్ళందరూ చెయ్యాలని. వారానికి రెండు రోజులు, ఇరవై ఇరవై నిమిషాలు. మనం టీవీ ముందు కూర్చునే సమయంలో అదెంత?

ఇప్పుడు సామగ్రి చెబుతాను, రాసుకోండి. చేతులు లేని గట్టి కుర్చీ ఒకటి. ఒక గోడ. మందపాటి గుడ్డసంచీ ఒకటి. కిలో, అరకిలో చొప్పున కట్టిన బియ్యం పొట్లాలు నాలుగైదు. లీటరు ప్లాస్టిక్ సీసాలు రెండు. సీసాలో నీళ్ళు పోస్తే కిలో బరువు, ఇసక పోస్తే కిలోన్నర దాకా తూగుతుంది. చివరగా ఒక చీపురుకర్ర. అయిపోయింది. ఇంకొంచెం సరదా వుంటే అబ్బాయి పాత జీన్సు ప్యాంటు కాలు మోకాలి దగ్గర కోసి, ఒక చివర రెండు వరసలు కుట్టండి. రెండు కిలోల ఇసక ప్లాస్టిక్ సంచిలో మూటకట్టి అందులో దూర్చి, రెండో చివరా కుట్టెయ్యండి. కిరాణా కొట్లో తూకం వేయించి, బరువు ఎంతో పైన రంగుదారంతో కుట్టుకోండి. పదేళ్ళు మన్నుతుంది. గాజుసీసాలు, నున్నటి స్టీలు బిందెలు మాత్రం వద్దు. చెయ్యి జారితే పాదాలమీద పడతాయి.

మొదలుపెట్టే ముందు మీ బలం ఎంతో మీరే కొలుచుకోండి. కుర్చీని గోడకి ఆనించి కూర్చోండి. రెండు చేతులూ గుండెలమీద కత్తెరలా పెట్టుకోండి. ముప్ఫై సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో ఎవరినైనా లెక్కపెట్టమనండి. అమెరికాలో వైద్యులు వాడే లెక్క ప్రకారం 60 నుంచి 64 ఏళ్ళ ఆడవాళ్ళు పన్నెండుకి తక్కువ చేస్తే, 70 నుంచి 79 ఏళ్ళ వాళ్ళు పదికి తక్కువ చేస్తే, పడిపోయే ప్రమాదం వున్నట్టు. మా అత్తగారు చెయ్యి ఊనకుండా ఒక్కసారి కూడా లేవలేకపోయారు. నేను పదకొండు చేసి ఆయాసపడ్డాను. నాకింకా యాభై రాలేదు!

ఇక వ్యాయామాలు. అయిదే అయిదు.

మొదటిది, కుర్చీలోంచి లేవడం. పాదాలు భుజాలంత ఎడంగా, మడమలు మోకాళ్ళకి కాస్త వెనగ్గా పెట్టుకోండి. ముందుకి వొరిగి, పాదాలమీద బరువు మోపి లేవండి. కూర్చునేటప్పుడు దబ్బున కూలబడకండి. ఒకటి, రెండు, మూడు అని మనసులో లెక్కపెడుతూ నిదానంగా దిగండి. బలం ఆ దిగడంలోనే వుంది. కష్టంగా వుంటే కుర్చీలో రెండు దిళ్ళు వేసి ఎత్తు పెంచండి. నాలుగు వారాలకి ఒక దిండు తీసెయ్యండి. సులువైపోయినవాళ్ళు బియ్యం సంచీ గుండెలకి హత్తుకుని లేవండి.

రెండోది, గోడని తొయ్యడం. గోడకి ఒక చెయ్యి దూరంలో నిలబడి, భుజాల ఎత్తున అరచేతులు ఆనించండి. తలనుంచి మడమల దాకా వొళ్ళంతా ఒకే పలకలా వుంచి, మోచేతులు మడుస్తూ గోడ దగ్గరికి వెళ్ళి, మళ్ళీ తోసుకుంటూ వెనక్కి రండి. ఇది తేలికైతే వంటగది గట్టుమీద చేతులు పెట్టి చెయ్యండి. ఎత్తు తగ్గినకొద్దీ బరువు పెరుగుతుంది. ఏ ఖర్చూ లేని తూకం రాళ్ళు ఇవే.

మూడోది, సంచీ లాగడం. ఇది మన నూతిలో నీళ్ళు తోడే పనికి చెల్లెలు. ఎడమచెయ్యి మంచంమీద ఆనించి, తుంటి దగ్గర వొంగండి. వీపు గూనిగా కాక చదునుగా వుండాలి. కుడిచేతిలో రెండు కిలోల సంచీ వేళ్ళాడదీసి, మోచెయ్యి వెనక్కి పోయేట్టు నడుము దాకా లాగి, మెల్లగా దించండి. తరవాత రెండో చెయ్యి. రోజంతా ముందుకి వొంగి పనిచేసే మనకి, భుజాలు వెనక్కి లాగి నిలబెట్టే కండలు ఇవే.

నాలుగోది, నేలమీంచి బరువెత్తడం. దీన్ని నేర్చుకుంటే చాలు, సగం నడుంనొప్పులు రావని నా నమ్మకం. ముందు చీపురుకర్రతో నేర్చుకోవాలి. కర్రని వీపు వెనక నిలువుగా పట్టుకోండి. తల వెనక, భుజాల మధ్య, నడుం కింద, మూడుచోట్లా అది తగులుతూ వుండాలి. ఇప్పుడు మోకాళ్ళు కొంచెం మడిచి, పిరుదులు వెనక్కి నెడుతూ తుంటి దగ్గర వొంగండి. కర్ర ఏ చోటా వొంటిని విడవకూడదు. అది వచ్చాక చిన్న స్టూలుమీద సంచీ పెట్టి, దగ్గరగా నిలబడి, అలాగే వొంగి, కాళ్ళతో నేలని తొక్కుతున్నట్టుగా లేవండి. కొన్ని వారాలకి స్టూలు తీసేసి నేలమీంచి ఎత్తండి. మన వంటగ్యాసు సిలిండరు సంగతి చూడండి. గ్యాసు 14.2 కిలోలు, ఖాళీ సిలిండరు ఇంకో పదిహేను, పదహారు కిలోలు. మొత్తం ముప్ఫై కిలోలు! దాన్ని ఎత్తమనడం లేదు. కాని రెండు బకెట్ల నీళ్ళు, మనవడిని, బియ్యం బస్తాని మనం రోజూ ఇలా కాక నడుం వంచి లాగుతున్నాం. అక్కడే పట్టేస్తోంది.

అయిదోది, మడమలెత్తడం. గట్టు పట్టుకుని, ముందరి పాదాలమీద లేచి, రెండు లెక్కపెట్టి, మెల్లగా దిగండి. పాలు కాగేవరకూ దీన్ని చెయ్యొచ్చు. దీనితోపాటు ఒక్కకాలిమీద పది సెకన్లు నిలబడడం కూడా సాధన చెయ్యండి. చేతికి ఆసరా మాత్రం అందుబాటులో వుండాలి. అరవయ్యయిదు దాటినవాళ్ళు ఇలాంటి నిలకడ సాధన వారానికి మూడు రోజులైనా చెయ్యాలి.

ఎన్నిసార్లు చెయ్యాలి? మొదటి రెండు వారాలూ ఒక్కొక్కటి ఎనిమిదిసార్లు, ఒక్క విడతే. మూడోవారం నుంచి రెండు విడతలు, మధ్యలో ఒకటి రెండు నిమిషాల విశ్రాంతి. ఎనిమిది నుంచి మెల్లిగా పన్నెండు దాకా పెంచండి. రెండు విడతల్లోనూ పన్నెండు హాయిగా వచ్చేస్తే, అప్పుడు సంచీలో అరకిలో పొట్లం వేసి, మళ్ళీ ఎనిమిదికి రండి. ఇదే అసలు రహస్యం. మైలో అనే గ్రీకు మల్లుడు ఒక దూడని రోజూ భుజాన మోసేవాడట. దూడతోపాటు అతని బలమూ పెరిగి, చివరికి ఎద్దునే మోశాడని కథ. నిజమో కాదో గాని, కథలోని కిటుకు మాత్రం నిజం. బరువు వున్నచోటే వుంటే బలమూ అక్కడే వుంటుంది. చివరి రెండుసార్లూ కష్టంగా వుండాలి, కాని వొళ్ళు వంకర పోకుండా చెయ్యగలగాలి. అదే సరైన బరువు.

మధ్యలో ఒక రోజు తప్పకుండా ఎడం ఇవ్వండి. సోమవారం, గురువారం అనుకోండి. కండ పెరిగేది బరువెత్తేటప్పుడు కాదు, తరవాత విశ్రాంతిలో. మొదటి నెలలో వచ్చే బలం చాలావరకు నరాలు పని నేర్చుకోవడం వల్ల వచ్చేది. కండ కంటికి కనబడడానికి రెండు నెలలు పడుతుంది. అందుకని అద్దం చూసి నిరుత్సాహపడకండి. పాలవాడి లెక్క రాసుకునే క్యాలెండరుమీదే ఎన్ని కిలోలు, ఎన్నిసార్లు అని రాసుకోండి. ఆ అంకెలే మీకు అద్దం.

జాగ్రత్తలు కూడా వినండి. ఎత్తేటప్పుడు ఊపిరి వదలండి, దించేటప్పుడు పీల్చండి. ఊపిరి బిగబడితే రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతుంది. చీర కుచ్చిళ్ళు ఎగదోపుకోండి, తడిబట్ట పెట్టిన నేలమీద చెయ్యకండి, ప్లాస్టిక్ కుర్చీని గోడకి ఆనించకుండా వాడకండి. మర్నాడు కండలు సలిపితే భయం లేదు, రెండు మూడు రోజుల్లో పోతుంది. కీలులో పొడిచినట్టు నొప్పి వస్తే, గుండెలో పట్టేసినట్టుంటే, కళ్ళు తిరిగితే వెంటనే ఆపండి. గుండెజబ్బు, అదుపులేని రక్తపోటు, హెర్నియా, గర్భసంచి జారడం, ఎముకలు బాగా గుల్లబారడం వున్నవాళ్ళూ, ఈమధ్య ఆపరేషనో కాన్పో అయినవాళ్ళూ డాక్టరునడిగే మొదలుపెట్టండి. నేను డాక్టర్ని కాను, మీలాంటి ఇల్లాలిని. మోకాళ్ళ అరుగుదల వుందని మాత్రం కదలడం మానకండి. తొడకండ బలపడితే మోకాలికి ఆసరా. ఎత్తు కుర్చీతో, తట్టుకోగలిగినంత చెయ్యండి.

చివరిగా తిండి. కండకి మాంసకృత్తులు కావాలి. దానికి డబ్బాల్లో అమ్మే పొడులు కొననక్కరలేదు. మన హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కల ప్రకారం కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. యాభై అయిదు కిలోల మనిషికి సుమారు 46 గ్రాములు. అరవై గ్రాముల కందిపప్పులో పదమూడు, గుప్పెడు వేరుశనగ గుళ్ళలో ఏడు, రెండు గ్లాసుల పాలూ పెరుగుల్లో పదమూడు, రెండొందల గ్రాముల బియ్యంలో పదిహేను. సరిపోయింది గదా! గుడ్డు తినేవాళ్ళకి ఒక్కోదానికి ఆరు గ్రాములు అదనం. కాని ఈ లెక్క ఎక్కడ తప్పుతుందో తెలుసా? ముద్దపప్పు ఆయనకి, పెరుగుమీగడ పిల్లలకి, మనకి అడుగున మిగిలిన చారూ మజ్జిగా. గిన్నె ఖాళీ అయ్యాక తినే అలవాటు వున్నంతకాలం ఎన్ని సంచీలెత్తినా కండ రాదు. పప్పు వడ్డించేటప్పుడే మీ గరిటెడు పప్పు పక్కన తీసి పెట్టుకోండి. అది స్వార్థం కాదు.

మా ఇంట్లో ఏమైందో చెప్పి ముగిస్తాను. మా అత్తగారు మూడు దిళ్ళతో మొదలుపెట్టారు. “ఈ వయసులో నాకీ గుంజీళ్ళేమిటే” అని వారం రోజులు సణిగారు. మూడో నెలకి ఒక్క దిండుకి దిగారు. ఇప్పుడు ఉత్త కుర్చీలోంచి ముప్ఫై సెకన్లలో ఏడుసార్లు లేస్తున్నారు. పదికి ఇంకా మూడు తక్కువే. కాని స్నానాలగదిలోంచి పిలుపు వచ్చి అయిదు నెలలైంది. గోడకి వేయించిన కడ్డీ పట్టుకుని ఆవిడే లేస్తున్నారు. నేను రెండు కిలోల సంచీతో మొదలుపెట్టి తొమ్మిదికి వచ్చాను. చాపమీంచి లేచేటప్పుడు ఒక చెయ్యి నేలకి ఊనుతున్నాను, అబద్ధమెందుకు? కాని ఎవరి భుజమూ పట్టుకోవడం లేదు.

మధ్యలో పెళ్ళిళ్ళనీ, చుట్టాలనీ నెల్లాళ్ళు మానేస్తే వచ్చిన బలం పోవడం మొదలుపెడుతుంది. ఆ బోస్టన్ వృద్ధులకి నాలుగు వారాలు మానేసేసరికి దాదాపు మూడోవంతు బలం తగ్గింది. అలాగని బెంగపడకండి. మానేసినచోట కాక, ఒక పొట్లం తగ్గించి మళ్ళీ మొదలుపెట్టండి.

ఇవాళ సాయంత్రం కుక్కరు స్టవ్వుమీద పెట్టి, మూడు విజిల్సు వచ్చేలోగా ఒక కుర్చీ గోడకి జరిపి, ఎనిమిదిసార్లు లేచి కూర్చోండి. పక్కన మీ అత్తగారో, అమ్మగారో వుంటే వాళ్ళకీ ఒక కుర్చీ వెయ్యండి.